ఎనభై ఏడో ఫ్రేము

రెండు నెలల క్రితం, పదకొండో తారీకు మంగళవారం, ఉదయం తొమ్మిదీ నలభైకి కరుణ మా ఇంటికి వచ్చింది. పదింటికి వస్తానని ఫోన్‌లో చెప్పింది. ఈ ఇరవై నిమిషాల తేడా ఎందుకు రాస్తున్నానంటే, నేనింకా చీర మార్చుకోలేదు. వంటింటి చీరతోనే తలుపు తీయాల్సి వచ్చింది. ఆమె జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. నెరిసిన వెంట్రుకలకు రంగు వేయకుండా అలాగే వదిలేసింది. నాకు జుట్టు నెరిసినప్పుడు సరోజినికి ముసలితనం వచ్చేసిందన్నారు అందరూ. ఆమెకు నెరిస్తే హుందాతనం వచ్చింది. గుమ్మంలో నిలబడే నేను ఈ బేరీజు వేసుకున్నాను. అరవై అయిదేళ్ళు నిండిన మనిషికి ఇది తగని పని. అయినా వేసుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

కరుణ వచ్చింది ఆహ్వానపత్రిక ఇవ్వడానికి. మంగళగిరిలో ఆఫీసు తెరుస్తోంది. నలభై కుర్చీలు, నలభై కంప్యూటర్లు. సినిమాలో విడివిడిగా తీసిన బొమ్మల్ని ఒకే చోట, ఒకే సమయంలో తీసినట్టు కలిపే పని అక్కడ జరుగుతుంది. నటుణ్ణి నీలం గుడ్డ ముందు నిలబెట్టి తీస్తారు, ఆ నీలాన్ని తీసేసి అక్కడ కొండనో సముద్రాన్నో పెడతారు. తాడు కట్టి గాల్లోకి లేపిన మనిషి తానే ఎగిరినట్టు కనబడాలంటే తాడును చెరిపేస్తారు. దాన్ని కంపోజిటింగ్ అంటారు. ఇప్పుడు మా వీధిలో ఇంటర్ చదివే పిల్లలకి కూడా ఆ మాట తెలుసు. మేం నేర్చుకున్న రోజుల్లో గుంటూరులో ఆ మాట తెలిసినవాళ్ళు నా లెక్క ప్రకారం ముగ్గురే. నేర్పిన చక్రధర్, నేర్చుకున్న మేమిద్దరం.

"నా దగ్గర చేరే పిల్లలకి మొదటిరోజు మీ సంగతే చెప్తానక్కా," అంది కరుణ కుర్చీలో కూర్చుంటూ.

"ఏం చెప్తావు?"

"చెప్తాలెండి. ముందు కాఫీ ఇవ్వండి. మీ అత్తగారి లెక్కే కదా, డికాషన్ మూడొంతులు?"

మా అత్తగారి కాఫీ పాళ్ళు ఆమెకు గుర్తున్నాయి. నాకు అదీ నచ్చలేదు. పాలు పొయ్యి మీద పెట్టి, వంటింటి అరలో వరసగా పేర్చిన నోటుపుస్తకాల్లోంచి మేమిద్దరం ఆ పని నేర్చుకున్న సంవత్సరానిది తీశాను. పెళ్ళయిన ఏడాది నుంచీ ఏటా ఒక పుస్తకం రాస్తున్నాను. గ్యాసు బండ ఏ రోజు మారింది, ఆవకాయ ఏ రోజు పెట్టాం, ఏ ఫోటోలో ఎన్ని మచ్చలు తీశాను, అన్నీ ఉంటాయి. నాకు కావలసిన పేజీ వెతకక్కర్లేదు. మార్చి నెలలో ఒక గురువారం కింద ఒకే ఒక్క వాక్యం. కరుణ, 87, తాడు నీడ. దాని కింది వరసలో, చింతపండు గింజలు తీయడం పూర్తయింది అని ఉంది.

మా ఇల్లు బ్రాడీపేటలో. ముందు గది ఫోటో స్టూడియో, వెనక మూడు గదుల్లో మేము. మా మామగారు నెగటివ్‌ల మీద మచ్చలు తీయడంలో పేరున్న మనిషి. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దానికి గరుకు అద్దం, కింద ఎండను పైకి కొట్టే మామూలు అద్దం. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆ వెలుతురు బాగుంటుంది. ఆయన పెన్సిలును గరుకు కాగితం మీద రుద్ది రుద్ది సూదిలా చేసేవారు. నెగటివ్‌లో పెళ్ళికూతురి మొటిమ ఉన్నచోట చుక్క మీద చుక్క పెట్టుకుంటూ పోతే, ప్రింటులో బుగ్గ నున్నగా వచ్చేది. కాపరానికొచ్చిన రెండో నెలలోనే నన్ను ఆ బల్ల ముందు కూర్చోబెట్టారు. "చూడమ్మా, మచ్చ కనబడకూడదు. మన చెయ్యీ కనబడకూడదు," అనేవారు. మొదటి సగం నాకు బాగా పట్టుబడింది. పెన్సిలు చెక్కిన వాసన, ఫోటోలు కడిగే మందు పులుపు వాసన, వెనక వంటింట్లోంచి పోపు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇల్లు.

మా అత్తగారికి ఫోటోల మీద ఆసక్తి లేదు. ఆవిడ ప్రపంచం మిరపకాయలు. ఏటా మార్చి వచ్చేసరికి ఊరంతా ఘాటెక్కి, బస్సు దిగినవాడు దిగినట్టే తుమ్ముతాడు. ఆ రోజుల్లో ఆవిడ ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి కాయలు కొనేది. కొట్టువాడు బస్తా తెచ్చి మా వసారాలో తెల్ల దుప్పటి మీద గుమ్మరించాలి. ఆవిడ పీట వేసుకుని కూర్చుని, కాయను చెవి దగ్గర ఊపి గింజ చప్పుడు వినేది, తుంచి వాసన చూసేది, తడి దూదితో తుడిచి దూదికి రంగు అంటుతుందేమో చూసేది. ఒక ఏడాది నిగనిగలాడే కాయలొచ్చాయి. ఒక్కటంటే ఒక్క మచ్చ లేదు. నాకు ముచ్చటేసింది. ఆవిడ దూది కూడా తీయలేదు.

"తీసుకుపోవయ్యా," అంది.

"అమ్మగారూ, ఇంత మంచి సరుకు మిర్చి యార్డు మొత్తం వెతికినా దొరకదండీ!"

"అందుకే వద్దంటున్నా. ఇంత ఒక్కలాగా దేవుడు కాయించడు."

పంతొమ్మిదేళ్ళు ఈ మాట ఏదో ఒక రూపంలో ఏటా విన్నాను. పుస్తకంలో అందంగా రాసి కూడా పెట్టుకున్నాను.

రంగు ఫోటోల లాబులు వచ్చాక నెగటివ్ బల్ల మీద దుమ్ము చేరింది. మా ఆయన పెళ్ళి వీడియోల్లోకి దిగాడు, నేను మిక్సింగ్ నేర్చుకున్నాను. వధూవరుల మొహాలు గులాబీ పువ్వులో పెట్టడం, పేర్లు తిప్పుతూ తేవడం. చేతికి పని ఉండేది, కంటికి ఉండేది కాదు. అలాంటప్పుడు మా సందు చివర, ఒక క్లినిక్ మీద రెండో అంతస్తులో చక్రధర్ శిక్షణ కేంద్రం పెట్టాడు. మద్రాసులో, హైదరాబాదులో సినిమా పని చేసి, తండ్రికి బాగోలేక తిరిగొచ్చిన మనిషి. ముప్ఫై రెండేళ్ళుంటాయి. మెట్లెక్కుతుంటే కింది నుంచి ఆస్పత్రి వాసన పైదాకా వచ్చేది. చేరిన రోజు నాకు నలభై ఒక్కేళ్ళ నాలుగు నెలలు. మాస్టారికన్నా పెద్ద విద్యార్థిని. ఆరుగురం చేరాం. రెండో నెలకు నలుగురు మానేశారు.

మిగిలిన రెండో మనిషి కరుణ. ఇరవై రెండేళ్ళు. తండ్రి పేటలో చర్చి బడి పంతులు, తల్లి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలు ఏరే కూలీ. ఎర్ర కాయల్లోంచి తెల్లబోయిన తాలుకాయల్ని వేరుచేసే పని అది. కరుణ కూడా పదిన్నర నుంచి తల్లితో ఆ పనికి పోయేది. పొద్దున ఏడు నుంచి పది దాకా కంప్యూటర్ ఆమెది, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా నాది. ఉన్నది ఒక్కటే మంచి కంప్యూటరు. పాఠం శనివారం ఇద్దరికీ కలిపి.

"ఆంటీ, కొంచెం జరగండి," అంది మొదటి శనివారం.

"ఆంటీ ఏమిటి? అక్కా అను."

"సరేనండీ ఆంటీ," అని, నాలిక కరుచుకుని నవ్వింది. ఆ నవ్వు చూసి చక్రధర్ కూడా నవ్వాడు. నేను నోటుపుస్తకం తెరిచి తారీకు వేసుకున్నాను.

ఒక శనివారం నీలం గుడ్డ పాఠం. గోడకి కట్టడానికి పెద్ద నీలం గుడ్డ కావాలన్నాడు చక్రధర్. మా అత్తగారి మంగళగిరి చీర ఒకటి నీలిది, సన్న జరీ అంచుది, ఆవిడ మధ్యాహ్నం నిద్రలో ఉండగా తీసుకుపోయాను. దాని ముందు కరుణను చేతులు చాపి నిలబెట్టి తీశాం. నీలం తీసేసి వెనక మంగళగిరి కొండ ఫోటో పెట్టాం. కొండ వచ్చింది. కాకపోతే ఆకాశంలో అడ్డంగా జరీ అంచు వేలాడుతూ ఉండిపోయింది. జరీ నీలం కాదు కదా, అది పోలేదు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు రెండంతస్తులు ఎక్కి వచ్చేసింది.

"నా చీర ఎక్కడే?"

"తీసేశామండీ మామ్మగారూ," అంది కరుణ తెర వైపు చూపిస్తూ.

"తీసేయడమేంటి? ఆరు గజాల చీర!" అని ఆవిడ తెర దగ్గరికి వంగి చూసింది. "చీర మింగేసి అంచు వదిలారే! ఎవరి పిల్లవే నువ్వు?"

కరుణ చెప్పింది. తల్లి కాయలు ఏరుతుందని వినగానే మా అత్తగారు చీర సంగతి మరిచిపోయింది. ఈ ఏడు కాయ ఎట్లా ఉంది, ఏ ఊరి సరుకులో గింజ ఎక్కువ, అని ఇద్దరూ మొదలుపెట్టారు. "అంతా ఒక్కలాగే ఎర్రగా ఉంటే కొనబాకండి మామ్మగారూ, రంగు పూసి ఉంటారు," అంది ఆ పిల్ల. "అదీ మాట!" అని మా అత్తగారు ఆమె వీపు మీద చరిచింది. ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. పంతొమ్మిదేళ్ళలో ఆవిడ నాతో ఒక్క బిగిన అంతసేపు మాట్లాడిన రోజు లేదు. ఆ తర్వాత కరుణ ఎప్పుడొచ్చినా ఆవిడే కాఫీ కలిపి ఇచ్చేది.

నాకు ఆమె మీద అసూయ ఎప్పుడు మొదలైందంటే ఆ చీర రోజున అని చెప్పగలను. దేని మీద అంటే మాత్రం జాబితా పెద్దది. వీపు నొప్పి లేకుండా మూడు గంటలు కూర్చోగలదు. తప్పు చేస్తే నవ్వేస్తుంది. నేను తప్పు చేస్తే నలభై ఏళ్ళ మనిషికి ఇది రాదా అన్నట్టు ఉంటుంది, ఎవరూ అనకపోయినా. వెంట్రుకల చుట్టూ గీత గీయడంలో నాదే పైచెయ్యి. మనిషి అంచును కత్తిరించినట్టు తెలియకుండా తీయడం నెగటివ్ బల్ల నేర్పిన విద్య. చక్రధర్ కూడా ఆ మాట అన్నాడు. అయినా ఆమె షాటు వేస్తే అతను ముందుకు వంగేవాడు, నాది వేస్తే తల ఊపేవాడు. మిరపకాయలు ఏరిన చేతులు మంటెత్తకుండా ఆమె సాయంత్రాలు మజ్జిగలో ముంచుకునేదట. అయినా ఘాటు పోదు. ఒకసారి ఆమె తర్వాత మౌస్ పట్టుకుని, మరిచిపోయి కన్ను నలుపుకున్నాను. కింద క్లినిక్‌లో నీళ్ళతో కడిగించుకుని పైకొచ్చేసరికి నలభై నిమిషాల పని పోయింది. మర్నాటి నుంచి ఆమె మౌస్‌ను కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, నా చేతికి జిడ్డు అంటకుండా పౌడరు డబ్బా పక్కన పెట్టి వెళ్ళేది. ఆ మంచితనం కూడా నాకు భారమయింది.

హైదరాబాదులో ఒక స్టూడియో కొత్తవాళ్ళను తీసుకుంటోందని చక్రధర్ కబురు తెచ్చాడు. ఒకటే కుర్చీ. ఇద్దరికీ ఒకే పరీక్ష. సీడీలో ఒక షాటు పంపారు. పెంకుటింటి మీద నుంచి ఒక మనిషి కిందికి దూకుతాడు. వెనక సున్నం కొట్టిన గోడ. నడుముకు తాడు. అయిదు సెకన్లు. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల చొప్పున నూట ఇరవై ఫ్రేములు. తాడు పోవాలి, గోడ మీద పడ్డ తాడు నీడా పోవాలి, గోడ మాత్రం ఉండాలి. గడువు ఇరవై రోజులు. రోజుకు ఆరు.

ఆ కుర్చీ నాకు ఎంత కావాలో ఎవరికీ చెప్పలేదు. మా ఆయన సరే అన్నాడు. మా చెల్లెలు హైదరాబాదులోనే ఉంది. మా అత్తగారు కూడా, "వెళ్ళవే, నేను వండుకోలేనా?" అంది. నలభై ఒకటి నుంచి యాభై ఎనిమిది దాకా వేసుకుంటే పదిహేడేళ్ళు పని చేయొచ్చు. పెద్ద తెర మీద, హాలు నిండా జనం ముందు, నేను తాడు తీసిన సంగతి ఎవరికీ తెలియకుండా. గులాబీ పువ్వుల్లో మొహాలు పెట్టుకుంటూ ముసలిదాన్ని కాను. ఇరవై రోజులూ ఈ ఆలోచనే. కూర మాడిన రోజులు నాలుగు ఉన్నాయి పుస్తకంలో.

నేను చేసిన పని చెబుతాను. సినిమా రీలు మీద సన్నటి రవ్వలాంటి రేణువులు కదులుతుంటాయి. గ్రెయిన్ అంటారు. అది ఫ్రేము ఫ్రేముకీ మారుతూ ఉండాలి. చక్రధర్ పాఠంలో చెప్పాడు, నేను రాసుకున్నాను కూడా. కానీ గోడను దగ్గరగా చూసినప్పుడు నా కంటికి అది దుమ్ములా కనిపించింది. ఇరవై ఏళ్ళు దుమ్మును చంపిన చెయ్యి నాది. తాడు ఉన్నచోటల్లా సున్నం రంగు తీసుకుని చుక్క మీద చుక్క పెట్టి, పెళ్ళికూతురి బుగ్గలా గోడను నున్నగా చేశాను. నూట ఇరవై ఫ్రేముల్లో ఒక్క మచ్చ లేదు. ఇప్పటికీ ఆ మాట మీద నిలబడతాను.

సీడీ పంపాల్సిన గురువారం, మధ్యాహ్నం, చక్రధర్ ఇద్దరినీ పిలిచాడు. "నేను వేలు పెట్టకూడదని షరతు. మీ పని ఆమె చూస్తుంది, ఆమె పని మీరు చూడండి. తప్పులుంటే చెప్పుకోండి. గంట టైముంది, దిద్దుకోవచ్చు," అన్నాడు. ముందు కరుణ నాది చూసింది. మూడుసార్లు వేయించుకుంది. తల గోక్కుంది.

"అక్కా, బాగుంది. కానీ తాడున్న చోట గోడ మరీ నున్నగా అయిందేమోనండీ. మిగతా గోడ కదులుతోంది, అది కదలట్లేదు."

"నున్నగా ఉండటం తప్పా?"

"తప్పని కాదక్కా..."

"నీకంత నున్నగా రాదు కాబట్టి అలా అనిపిస్తోంది," అన్నాను.

ఆమె కుర్చీలోంచి లేచింది. నీళ్ళు తాగొస్తానని బయటికి, మెట్ల దగ్గరికి వెళ్ళింది. నేను ఆమె షాటు వేసుకున్నాను. గోడ బతికి ఉంది. అంతకన్నా నాకు మాట దొరకడం లేదు. తాడు ఎప్పుడూ లేనట్టే ఉంది. రెండోసారి చూశాను. మూడోసారి, మనిషి కాలు నేలకు ఆనబోయే ముందు, గోడ మీద ఏదో చటుక్కున మెరిసి పోయింది. ఈగ వాలి లేచినంతసేపు. ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ వెళ్ళాను. ఎనభై ఆరులో లేదు. ఎనభై ఎనిమిదిలో లేదు. ఎనభై ఏడులో తాడు నీడ చెరపకుండా వదిలేసింది. దిద్దడానికి పది నిమిషాలు పడుతుంది.

చెయ్యి అలవాటు చొప్పున పుస్తకంలో రాసింది. కరుణ, 87, తాడు నీడ. పుస్తకం మూశాను.

"ఏమైనా ఉన్నాయా సరోజిని గారూ?" అన్నాడు చక్రధర్ గుమ్మం దగ్గర నుంచి.

"ఏం లేవు."

నాలుగింటి బస్సుకు సీడీలు వెళ్ళిపోయాయి. ఇంటికొచ్చి మా అత్తగారి పక్కన కూర్చుని చింతపండు గింజలు తీశాను.

ఎనిమిదో రోజు ఫోన్ వచ్చింది. చక్రధర్ విని, పెట్టేసి, మా ఇద్దరి మొహాల్లోకి చూడకుండా గోడ వైపు చూస్తూ చెప్పాడు. "కరుణను రమ్మన్నారు. ఎనభై ఏడులో నీడ వదిలేసిందట, అది సరిచేసుకోవడం నేర్చుకుంటుంది అన్నారు. సరోజిని గారూ, మీది చాలా శుభ్రంగా ఉందన్నారు. కానీ గోడ చచ్చిపోయిందట. చెయ్యి పడ్డచోటల్లా తెలిసిపోతోందట." మా మామగారి మాటలో నేను వదిలేసిన రెండో సగం హైదరాబాదు నుంచి ఫోన్‌లో వచ్చింది. అప్పుడు చక్రధర్ నా వైపు తిరిగాడు. "ఎనభై ఏడు మీకు కనబడలేదా?"

"లేదు," అన్నాను. అది రెండోసారి.

కరుణ నా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ కంటికే ఆనలేదంటే నా తప్పు చిన్నదే అన్నమాట. నాకు ధైర్యమొచ్చింది," అంది. ఆ చేతిలో ఘాటు నా చేతికి అంటుకుంది. గోడ అలా ఎలా చేశావని అడిగాను, అడగకుండా ఉండలేక. "ఏముందక్కా, పక్క ఫ్రేములో తాడు లేనిచోట గోడ ముక్క తెచ్చి పెట్టా. ప్రతిసారీ వేరే ముక్క. ఒకే ముక్క పెడితే రంగు పూసిన కాయల్లా పట్టిస్తుంది కదండీ. కొంచెం తెలుపు, కొంచెం మచ్చ, అన్నీ ఉంటేనే కదా నిజం కాయలనుకుంటారు," అంది.

ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాను, మిరపకాయల సంగతితో సహా. ఆవిడ తొడిమలు తీయడం ఆపి నన్ను చూసింది. "ఆ పిల్లకు తెలిసింది నీకెందుకు తెలియలేదే? నా పక్కనే కూర్చున్నావుగా ఇన్నాళ్ళూ," అంది. కోపంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది. లోపలికి వెళ్ళిపోయాను.

తర్వాత పదిహేడేళ్ళూ నేను పెళ్ళి వీడియోలే చేశాను. పుస్తకాల్లో వెయ్యీ నూట పన్నెండు పెళ్ళిళ్ళున్నాయి. కరుణ పేరు సినిమాల చివర రావడం మొదలైంది. అందరూ లేచి తలుపుల వైపు నడుస్తుంటే నేను కూర్చునే ఉండేదాన్ని. మా ఆయన, "ఇంకా ఏముంది, పద," అని విసుక్కునేవాడు. పేర్లు కిందినుంచి పైకి పరిగెడుతుంటే ఆమె పేరు తెర మీద మూడు సెకన్లు కనబడేది. డెబ్భై రెండు ఫ్రేములు. అంతకుముందు రెండున్నర గంటలూ నేను కథ చూసేదాన్ని కాను. ఎక్కడో ఒకచోట నీడ వదిలేసి ఉంటుందని వెతికేదాన్ని. ఒక్కసారీ దొరకలేదు. అప్పట్లో నీలం గుడ్డ కట్టిన గదిలో ఇప్పుడు పళ్ళ డాక్టరు ఉన్నాడు. మౌస్ పక్కన పౌడరు డబ్బా లేదు, ఒక్క కంప్యూటరు కోసం పొద్దున ఒకరు మధ్యాహ్నం ఒకరు ఆగనక్కర్లేదు. పిల్లలు ఫోన్‌లోనే వెనక కొండ మార్చేసుకుంటున్నారు. సులువైపోయిందని నాకు బాధలేదు. మేం కష్టపడ్డ రోజుల్లో ఉన్నది ఇద్దరమే, ఆ ఇద్దరిలో రెండో మనిషిని నేను. నా మనసు ఆగిపోయేది అక్కడే.

కరుణ వచ్చిన ఆ మంగళవారం, పాలు పొంగకుండా దించి, మూడొంతులు డికాషన్ పోసి, కాఫీ గ్లాసూ నోటుపుస్తకమూ రెండూ తెచ్చి ఆమె ముందు పెట్టాను. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

"కరుణా, ఆ రోజు ఎనభై ఏడులో నీడ నేను చూశాను. చక్రధర్ అడిగితే లేదన్నాను. ఫోన్ వచ్చాక మళ్ళీ లేదన్నాను. రెండుసార్లు."

ఆమె పేజీ చదివింది. కింద చింతపండు వరస కూడా చదివి చిన్నగా నవ్వింది. "తెలుసక్కా."

"ఎప్పటి నుంచి?"

"ఆ మధ్యాహ్నం నుంచే. నేను మెట్ల మీదే ఉన్నాగా, కిటికీలోంచి కనబడుతున్నారు. చూస్తూ చూస్తూ ఆపారు. కుర్చీ ముందుకు లాక్కున్నారు. పుస్తకంలో రాశారు. ఏం లేకపోతే మీరెందుకు రాస్తారు?"

"మరి వచ్చి అడగలేదే? గంట టైముందిగా."

"అడిగితే చెప్పేసేవారు. మీకు అబద్ధం ఆడటం రాదు. అడగబుద్ధి కాలేదు." ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. "మా ఇంటిని చూసి జాలిపడ్డవాళ్ళున్నారక్కా. విసుక్కున్నవాళ్ళున్నారు. నన్ను చూసి ఏడ్చినవాళ్ళు మాత్రం అప్పటిదాకా ఎవరూ లేరు. మీరే మొదలు. అదీ అంత చెయ్యి ఉన్న మనిషి. ఈవిడే నన్ను చూసి ఏడుస్తోందంటే నాకీ పని వచ్చేసినట్టే అనుకున్నా. హైదరాబాదు వాళ్ళు చెప్పింది ఎనిమిది రోజుల తర్వాత. నాకు తెలిసింది ఆ రోజే."

"మరి ఆ రోజు మీ కంటికే ఆనలేదని, ధైర్యమొచ్చిందని అన్నావుగా?"

"మీ మొహం చూడలేక అన్నా."

"పిల్లలకు చెప్పేది ఇదేనా?"

"ఇదే. పేరు చెప్పను లెండి."

పుస్తకం తీసుకుని మూశాను. ఇరవై నాలుగేళ్ళుగా ఆ వాక్యాన్ని నా తప్పుగా, నా సొంతంగా దాచుకున్నాను. అదీ ఆమెకే పనికొచ్చింది. దాన్ని పట్టుకుని ఆమె ధైర్యంగా బస్సెక్కింది, నేను దాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చున్నాను. సిగ్గుపడాల్సిన చోట నాకు మళ్ళీ అసూయే కలిగింది.

ఆమె లేస్తూ, "అక్కా, మా దగ్గర పని బయటికి పోయేముందు ఫ్రేము ఫ్రేమూ చూసి తప్పు పట్టే మనిషి కావాలి. పిల్లల కళ్ళు నిలవట్లేదు. వారానికి రెండు రోజులు వస్తారా?" అంది.

"గోడ చచ్చిపోయిందో లేదో నాకు తెలియదుగా," అన్నాను.

"అది నేను చూసుకుంటా. ఎనభై ఏడు మీరు చూడండి."

మంగళవారం, శుక్రవారం వెళుతున్నాను. ఉదయం ఎనిమిదీ పదికి బస్సు. ఇప్పటికి తొమ్మిది రోజులు వెళ్ళాను. పిల్లల పనిలో నూట నలభై ఆరు తప్పులు పట్టాను. ఏ షాటులో, ఎన్నో ఫ్రేములో, ఏమిటని అన్నీ పుస్తకంలో ఉన్నాయి, అడిగితే చూసి చెబుతాను. కరుణ స్వయంగా చేసిన షాట్లలో పట్టినవి మూడు. దొరికిన వెంటనే, పదిమంది వినేలా, గట్టిగా చెప్పాను. ఆ మూడింటి నంబర్లూ పుస్తకంలో రాయలేదు. రాయనక్కర్లేదు. ముప్ఫై ఒకటి, రెండు వందల నాలుగు, తొంభై.